చేసేవాడి కోసం గీసిన బొమ్మలు: యంత్రశిల్పి అల్ జజరీ

ముస్లిం మేధావుల ప్రస్తావన వచ్చినప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా వినిపించే పేర్లు కొన్ని ఉన్నాయి. వైద్యంలో ఇబ్ను సీనా, గణితంలో అల్ ఖ్వారిజ్మీ, కాంతిశాస్త్రంలో ఇబ్నుల్ హైసమ్. వీరంతా కలం పట్టిన పండితులు. సుత్తె, ఆకురాయి, కొలిమి నమ్ముకుని బతికిన పనివారి పేర్లు మాత్రం చరిత్రలో అరుదుగా మిగిలాయి. పనివాడు చేసిన వస్తువు అరిగిపోతుంది, విరిగిపోతుంది, లేదా కరిగించి మరో వస్తువు చేసుకుంటారు. అతని విద్య అతని చేతితోనే పోతుంది. అలా పోకుండా ఆ విద్యను కాగితం మీద నిలబెట్టిన ఒక ఉస్తాదు జీవితాన్ని ఈ వారం మేము పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఆయనే అల్ జజరీ.

ఆయన పూర్తి పేరు బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇబ్ను ఇస్మాయీల్ ఇబ్నుర్ రజ్జాజ్ అల్ జజరీ. బదీఉజ్జమాన్ అంటే ఆ కాలపు అద్భుతం అని అర్థం. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఉన్న ఎగువ ప్రాంతాన్ని అరబ్బులు అల్ జజీరా అనేవారు. ఆ ప్రాంతపు వాడు కనుక జజరీ అయ్యారు. ఆయన పని చేసింది ఆమిద్ నగరంలో. నల్లరాతి కోటగోడలతో టైగ్రిస్ ఒడ్డున ఉన్న ఆ ఊరినే నేడు దియార్ బకీర్ అంటున్నారు. అది ఇప్పుడు తుర్కియే దేశపు ఆగ్నేయ భాగంలో ఉంది.

అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఆర్తుఖీ వంశపు రాజులు పాలించేవారు. హిజ్రీ 570, అంటే క్రీ.శ. 1174-75 ప్రాంతంలో అల్ జజరీ వారి కొలువులో చేరారు. ముందు నూరుద్దీన్ ముహమ్మద్ దగ్గర, తర్వాత ఆయన పెద్ద కుమారుడు ఖుత్బుద్దీన్ సుక్మాన్ దగ్గర, ఆ తర్వాత మరో కుమారుడు నాసిరుద్దీన్ మహమూద్ దగ్గర పని చేశారు. ఇలా ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పాతికేళ్ళకు పైగా సేవించారు. ఆయన హోదా రయీసుల్ ఆమాల్. అంటే కార్ఖానా పనులన్నింటికీ పెద్ద. ఆయన దర్బారులో కూర్చునే పండితుడు కాదు. రాగిరేకు కోయించి, ఇత్తడి పోతపోయించి, కర్ర చిత్రిక పట్టించి, చివరికి యంత్రం నడిచేదాకా దగ్గరుండి చూసుకొనే మేస్త్రీ.

రాజు ఆజ్ఞ, పనివాడి గ్రంథం

అల్ జజరీ చేసిన వస్తువులు ఒక్క రకమైనవి కావు. నీటితో నడిచే గడియారాలు, కొవ్వొత్తి గడియారాలు, నీటిని పైకి తోడే యంత్రాలు, ఫౌంటెన్లు, అక్షరాలు కలిపితే తెరుచుకొనే తాళం, ఆమిద్ రాజప్రాసాదానికి పోతపోసిన తలుపు, ఇలా ఎన్నో ఉన్నాయి. వుజూ చేసేటప్పుడు దాసదాసీలు తన చేతుల మీద నీళ్ళు పోయడం రాజుకు నచ్చేది కాదట. దాంతో తానే నీళ్ళు పోసే బొమ్మను అల్ జజరీ తయారు చేశారు.

ఒకనాడు రాజు నాసిరుద్దీన్ మహమూద్ ఆయన్ను పిలిపించారు. సాటిలేని వస్తువులను ఊహలోంచి వాస్తవంలోకి తెచ్చావనీ, ఇంత శ్రమపడి నిర్మించినదాన్ని వృథా పోనివ్వవద్దనీ, ఒక్కొక్కదాన్నీ వర్ణిస్తూ బొమ్మలతో ఒక గ్రంథం రాసి పెట్టమనీ ఆజ్ఞాపించారు. అల్ జజరీ ముందు వెనుకాడినా, రాజాజ్ఞను శిరసావహించారు. హిజ్రీ 602లో, అంటే 1206లో ఆ గ్రంథం పూర్తయింది. చమత్కారమైన యంత్రాల నిర్మాణ జ్ఞానాన్ని గురించిన గ్రంథం అని దాని అరబీ పేరుకు భావం.

అందులో మొత్తం 50 యంత్రాలున్నాయి. గ్రంథాన్ని ఆరు భాగాలు చేశారు. గడియారాలు 10, విందుల్లో వాడే పాత్రలు 10, చేతులు కడుక్కొనే చెంబులు, రక్తం తీసేటప్పుడు కొలిచే పళ్ళేలు కలిపి 10, ఫౌంటెన్లు, వాటంతట అవే మోగే పిల్లనగ్రోవులు 10, నీటిని తోడే యంత్రాలు 5, తలుపు, తాళాల వంటి ఇతర వస్తువులు 5. వీటిని వివరించడానికి నూటికి పైగా బొమ్మలు గీశారు. మేము ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచినది ఆ బొమ్మల గురించే.

తండ్రితో పోయిన విద్య

రాజు ఆ ఆజ్ఞ ఎందుకిచ్చాడో అర్థం కావాలంటే అదే రోజుల్లో దమిష్క్ నగరంలో జరిగిన సంగతి తెలుసుకోవాలి. అక్కడి ఉమయ్యద్ మస్జిద్ దగ్గర జైరూన్ ద్వారం వద్ద ఒక పెద్ద నీటి గడియారం ఉండేది. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ కాలంలో ముహమ్మద్ అస్సాఆతీ అనే నిపుణుడు దాన్ని నిర్మించారు. 1184లో యాత్రికుడు ఇబ్ను జుబైర్ దాన్ని కళ్ళారా చూసి ఎంతో మెచ్చుకున్నారు. అయితే కట్టిన మనిషి కన్నుమూశాక గడియారం పాడైంది. దాన్ని తిరిగి సరిగ్గా నడిపించడం ఇతరులకు సాధ్యం కాలేదు. చివరికి ఆయన కుమారుడు రిద్వాన్ ఎంతో శ్రమపడి బాగుచేశారు. మళ్ళీ ఆ గతి పట్టకూడదని 1203లో ఒక పుస్తకం కూడా రాశారు. ఒక మహానగరం నడిబొడ్డున, అందరి కళ్ళ ముందు నడిచిన యంత్రం లోపల ఏముందో ఒక్క మనిషికే తెలిస్తే ఏమవుతుందో ఈ ఉదంతం చెబుతుంది.

పుస్తకం ఉన్నంత మాత్రాన కూడా పని జరగదు. అల్ జజరీకి మూడున్నర శతాబ్దాల ముందే బగ్దాదులో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు సుమారు 100 యంత్రాలతో ఒక గ్రంథం రాశారు. వారి తెలివి అమోఘం. అయితే యంత్రం ఎలా పనిచేస్తుందో వారు చెప్పారు గాని, దాన్ని ఎలా తయారు చేయాలో, ఏ భాగం ఎంత కొలత ఉండాలో చెప్పింది తక్కువ. చదివినవాడు ఆశ్చర్యపోతాడు. కాని కార్ఖానాలో రాగిరేకు ముందు కూర్చున్న కారీగర్ చేతికి అది చాలదు. అల్ జజరీ పూర్వుల రచనలన్నీ పరిశీలించారు. కొన్నింటిని స్వయంగా చేసి చూసి, చెప్పినట్టు నడవకపోవడం గమనించారు. చేసి చూడని విద్యను నమ్మలేమని ఆయనకు తెలిసి వచ్చింది. అందుకే తన గ్రంథం చదివేవాడి కోసం కాక చేసేవాడి కోసం రాశారు.

ఏ వైపు నుంచి చూపాలి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వస్తువుకు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటాయి. కాగితానికి పొడవు, వెడల్పు మాత్రమే ఉంటాయి. మన ఇంటి గోడకున్న కొళాయినే తీసుకుందాం. ఎదురుగా నిలబడి చూస్తే గుండ్రటి మూతి, పైన పిడి కనిపిస్తాయి. మెడ ఎంత ముందుకు వచ్చిందో, ఎలా వంగిందో తెలియదు. పక్క నుంచి చూస్తే మెడ వంపు తెలుస్తుంది, మూతి గుండ్రమో పలకో తెలియదు. పై నుంచి చూస్తే పిడి ఆకారం బాగా తెలుస్తుంది. ఇక నీటిని ఆపే వాషరు, అది కూర్చునే చోటు ఈ మూడింటిలో దేనిలోనూ కనబడవు. కొళాయిని నడిమికి కోసినట్టు ఊహించి గీస్తేనే అవి బయటపడతాయి. కొళాయికే ఇంత ఉంటే, తొట్లు, గొట్టాలు, తాళ్ళు, కప్పీలు, బంతులు, బొమ్మలు ఒకదానిలో ఒకటి ఇమిడిన గడియారం సంగతి చెప్పాలా?

అన్ని వైపుల నుంచీ గీస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోదు. బొమ్మలు పెరిగిన కొద్దీ చూసేవాడికి గందరగోళం పెరుగుతుంది. ఒకే విషయం రెండు బొమ్మల్లో ఉంటే, ఒకదానిలో పొరపాటు దొర్లినప్పుడు ఏది నమ్మాలో పనివాడికి తెలియదు. కనుక గీసేవాడు ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి. ఈ బొమ్మ లేకపోతే పనివాడు ఎక్కడ ఆగిపోతాడు? దానికి జవాబు ఉంటే గీయాలి. లేకపోతే మానాలి. అల్ జజరీ బొమ్మలను వరుసగా చూస్తే ఆయన ఈ లెక్క ప్రకారమే నడిచినట్టు మనకు స్పష్టమవుతుంది.

కోట గడియారం

గ్రంథంలో మొదటిది, అన్నింటికంటే పెద్దది కోట గడియారం. ఒక కోట ముఖద్వారం లాంటి నిర్మాణం. పైన 12 రాశుల చక్రం, సూర్యచంద్రులు. కింద వరుసగా 12 తలుపులు, వాటి కింద మరో వరుస. వాటి ముందు చిన్న నెలవంక నెమ్మదిగా కదులుతుంది. గంట గడవగానే పై వరుసలో ఒక తలుపు తెరుచుకుని లోపల నుంచి బొమ్మ కనిపిస్తుంది. రెండు డేగలు ముందుకు వంగి నోటిలోని బంతులను పాత్రల్లో వదులుతాయి, ఖంగుమని మోగుతుంది. కింద అయిదుగురు వాద్యగాళ్ళు ఉంటారు. ఇద్దరు నగారాలు, ఇద్దరు బాకాలు, ఒకరు తాళాలు. ఆరో గంటకు, తొమ్మిదో గంటకు, పన్నెండో గంటకు వారు వాయిస్తారు.

దీనికి అల్ జజరీ మొదట ఇచ్చిన బొమ్మ మనిషి వీధిలో నిలబడి చూసినట్టు ఎదుటి నుంచి గీసినది. ఏ భాగం ఎక్కడ ఉండాలో, దేనికి ఎడమన ఏది, దేని కింద ఏది ఉందో ఆ ఒక్క బొమ్మతో తెలిసిపోతుంది. నేటి ఇంజనీర్లు ఎలివేషన్ అనేది ఇదే. అయితే ఇది యంత్రపు ముఖం మాత్రమే. దీన్ని చూసి ఎవరూ గడియారం చేయలేరు. ఆ సంగతి ఎరిగిన ఆయన తర్వాత గోడ వెనక్కు తీసుకెళ్ళి ఒక్కొక్క భాగాన్ని విడదీసి చూపుతారు.

గడియారానికి ప్రాణం దాని నీటి తొట్టి. రాగితో చేసిన ఆ తొట్టిలో నీరు సమంగా దిగుతుంటే, పైన తేలే బుంగ కూడా సమంగా దిగుతుంది. దానికి కట్టిన తాడు తలుపుల వెనుక ఉన్న చిన్న బండిని లాగుతుంది. కాని తొట్టిలో నీరు నిండుగా ఉన్నప్పుడు ధార వేగంగా, తగ్గాక మెల్లగా వస్తుంది. అలా అయితే గంటలు తప్పుతాయి. అందుకని తొట్టి కింద ఒక చిన్న గది అమర్చారు. అందులో తేలే బుంగ నెత్తిన శంకువు ఆకారపు మూత ఉంటుంది. గదిలో నీరు పెరిగితే మూత పైకి లేచి గొట్టాన్ని మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. అందువల్ల ఆ గదిలో నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మన మిద్దె మీది నీళ్ళ ట్యాంకులో బంతి వాల్వు చేసే పని ఇలాంటిదే. ఈ భాగాన్ని ఎదుటి నుంచి గీసి లాభం లేదు. ఉత్త గుండ్రటి డబ్బా కనబడుతుంది. కనుక దీన్ని పక్క గోడ లేనట్టుగా, లోపల మూత, గొట్టం కనిపించేటట్టు గీశారు. దీన్నే మనం సెక్షన్ అంటున్నాం.

ఇక మూడో భాగం ధారను సరిచేసే పళ్ళెం. ఆ రోజుల్లో పగలును ఎప్పుడూ 12 భాగాలు చేసేవారు. వేసవిలో పగలు పొడుగు గనుక గంట పెద్దది, చలికాలంలో చిన్నది. అంటే గడియారం ప్రతి రోజూ వేరే వేగంతో నడవాలి. నీరు బయటికొచ్చే రంధ్రాన్ని కిందికి దించితే ధార పెరుగుతుంది, పైకి జరిపితే తగ్గుతుంది. అందుకే ఆ రంధ్రాన్ని ఒక గుండ్రటి పళ్ళెం అంచున పెట్టి, చుట్టూ రాశుల గీతలు గీసి, రోజుకు కొంచెం తిప్పే ఏర్పాటు చేశారు. పూర్వులు వేసిన గీతల లెక్క సరికాదని ఆయన పరీక్షించి తెలుసుకున్నారు. మళ్ళీ మళ్ళీ నీరు వదిలి, కొలిచి, కొత్త గీతలు పెట్టారు. ఈ పళ్ళెం పక్క నుంచి చూస్తే ఒక గీతలా కనబడుతుంది. దాని విశేషమంతా ముఖం మీదే ఉంది. కనుక దాన్ని ముఖం మొత్తం కనిపించేలా నిండు వృత్తంగా గీశారు.

పాఠకులు గమనించారా? ఒకే యంత్రంలో ఒక భాగానికి ఎదుటి చూపు, ఒకదానికి కోత, ఇంకొకదానికి ముఖచిత్రం. అలవాటు చొప్పున కాక, ఆ భాగం తన గుట్టును ఎటువైపు దాచుకుందో అటువైపు నుంచి చూపారు.

ఒకే బొమ్మలో రెండు చూపులు

నీటిని తోడే యంత్రాల్లో అయిదోది మరీ ప్రసిద్ధమైనది. నది ప్రవాహానికి తిరిగే చక్రం, దాని ఇరుసుకు పళ్ళ చక్రం, దానికి తగిలి పడుకుని తిరిగే మరో పళ్ళ చక్రం ఉంటాయి. ఆ రెండో చక్రం మీది మేకు ఒక కడ్డీని అటూ ఇటూ ఊపుతుంది. కడ్డీకి రెండు వైపులా రెండు రాగి పిస్టన్లు. ఒకటి నీటిని పీల్చుకుంటుంటే, మరొకటి పైకి నెడుతుంది. నీటిని పీల్చే గొట్టాలతో, ఎదురెదురుగా రెండు సిలిండర్లతో నడిచే ఈ పంపును యంత్రశాస్త్ర చరిత్రకారులు ఎంతో గొప్పగా పేర్కొంటారు.

ఈ బొమ్మలో చమత్కారం ఉంది. పడుకుని తిరిగే చక్రం పక్క నుంచి చూసేవాడికి సన్నటి పట్టీలాగానే కనబడాలి. కాని అల్ జజరీ దాన్ని పై నుంచి చూసినట్టు గుండ్రంగా గీశారు. నీరు పైకెక్కే గొట్టాలను మాత్రం పక్క నుంచి చూసినట్టే ఉంచారు. ప్లాన్, ఎలివేషన్ రెండూ ఒకే కాగితంపై కలిసిపోయాయి. నేటి నియమాల ప్రకారం ఇది తప్పే. కాని చక్రం మీద మేకు ఎక్కడ ఉందో, కడ్డీ గాడిలో అది ఎలా జారుతుందో తెలియాలంటే చక్రాన్ని గుండ్రంగా చూపక తప్పదు. నిజమైన చూపు కంటే పనికొచ్చే చూపే మేలని ఆయన ఎంచుకున్నారు.

ఏనుగు గడియారంలోనూ అంతే. పైన మావటి, లేఖకుడు, పక్షి, సర్పాలు ఉన్న అందమైన బొమ్మ ఒకటి. దాన్ని చూసి పిల్లలు కూడా ముచ్చటపడతారు. కాని కాలాన్ని కొలిచేది ఏనుగు కడుపులోని నీటితొట్టిలో తేలే గిన్నె. దాని అడుగున చిన్న రంధ్రం. అరగంటలో గిన్నె నిండి మునుగుతుంది. మునుగుతూ గొలుసు లాగితే పైనుంచి బంతి జారి సర్పం నోట పడుతుంది. బంతి బరువుకు సర్పం వంగి మునిగిన గిన్నెను మళ్ళీ పైకి లేపుతుంది. చిల్లి గిన్నెతో కాలాన్ని కొలవడం మన దేశంలోనూ పాత పద్ధతే. తెలుగువారు గడియ కుడుక అన్నది అలాంటి గిన్నెనే. ఆ గిన్నెను, దాని కీలును, గొలుసును ఏనుగు నుంచి బయటికి తీసి విడిగా చూపనిదే గడియారం నడవదు. అందుకే అల్ జజరీ వాటికి వేరే బొమ్మలు ఇచ్చారు.

బొమ్మ ఆగిన చోట మాట

ప్రతి బొమ్మలో ప్రతి భాగం పక్కన ఒక అరబీ అక్షరం ఉంటుంది. కింద వివరణలో ఆ అక్షరాన్ని పట్టుకుని ఆ భాగం గురించి రాస్తారు. అలిఫ్ గుర్తున్న తొట్టి నుంచి బే గుర్తున్న గొట్టం ఎటు పోతుందో చదివేవాడు వేలు పెట్టి వెతుక్కోవచ్చు. ఒక పెద్ద బొమ్మలో కనిపించిన భాగం వేరే బొమ్మలో విడిగా వచ్చినా ఫలానాదే అని గుర్తుపట్టవచ్చు.

ఆయన బొమ్మలు కొలతకు గీసినవి కావు. స్కేలు పెట్టి కొలిస్తే ఏమీ తేలదు. కొలతలన్నీ మాటల్లో ఉన్నాయి. పొడవులను జానల్లో, వేళ్ళలో చెప్పారు. బరువులను దిర్హములలో చెప్పారు. రేకును ఎలా కోయాలి, ఎలా వంచాలి, అతుకు ఎలా వేయాలి, ముందు ఏ పని, తర్వాత ఏ పని అన్నీ వరుసగా వివరించారు. శంకువు మూత నీరు కారకుండా కూర్చోవాలంటే దాన్ని దాని గూటిలోనే పెట్టి ఎమరీ పొడితో నూరాలన్నారు. చెక్క వంకర పోకుండా పలకలను ఒకదానిపై ఒకటి అతికించమన్నారు. చక్రం ఒక వైపుకు వాలకుండా తూకం సరిచూడమన్నారు. పోత పనికి తడి ఇసుక నింపిన అచ్చు పెట్టెల విధానం చెప్పారు. పని మొదలుపెట్టే ముందు కాగితంతో నమూనా చేసి చూసుకోవడం కూడా ఆయన పద్ధతుల్లో ఒకటి.

అన్నిటికంటే మేము మెచ్చుకొనేది ఆయన నిజాయితీని. ఘనరూపమున్న వస్తువును కాగితం మీద చూపినప్పుడు కొంత అస్పష్టత తప్పదని ఆయన దాచకుండా చెప్పారు. బొమ్మల్లో సంపూర్ణతను తాను ఆశించలేదనీ, మొత్తం అమరిక, విడి భాగాలు అర్థమైతే చాలని సరళంగా గీశాననీ వివరించారు. మిగిలిన పనిని చదివేవాడి ఊహకు అప్పగించారు. ఒక భాగాన్ని మరోదానికి మనసులోనే జతచేసి, ఏ వైపు నుంచైనా తిప్పి చూసి, కోసి చూసి, మెట్టు మెట్టుగా కూర్చుకోవచ్చని ధైర్యం చెప్పారు. గొప్పకు పోయి తన బొమ్మలో అంతా ఉందని చెప్పి ఉంటే పనివాడు మోసపోయేవాడు. ఎక్కడ బొమ్మ చాలదో చెప్పడం వల్ల వాడు జాగ్రత్తపడతాడు.

పుస్తకం నిలిచింది

గ్రంథం పూర్తయిన 1206లోనే అల్ జజరీ కన్నుమూశారని చరిత్రకారులు చెబుతారు. అంటే రాజు కొన్నేళ్ళు ఆలస్యం చేసి ఉంటే ఆ విద్య ఆయనతోనే మట్టిలో కలిసేది. ఆయన చేతితో చేసిన యంత్రాలు నేడు లేవు. తొట్లు, డేగలు, వాద్యగాళ్ళు అన్నీ కాలగర్భంలో కలిశాయి. పుస్తకం మాత్రం నిలిచింది. 1206 నాటి ప్రతి ఒకటి ఇస్తాంబుల్ తోప్‌కాపీ ప్రాసాదంలో భద్రంగా ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో ఎన్నో నకళ్ళు తయారయ్యాయి. వాటిలో కొన్నింటి బొమ్మలు రంగులతో, బంగారంతో కన్నుల పండువగా ఉంటాయి. ఆ అందమే వాటికి ముప్పు కూడా తెచ్చింది. 1315, 1354 సంవత్సరాల నాటి ప్రతుల నుంచి కొన్ని ఆకులు విడిపోయి విడివిడిగా అమ్ముడయ్యాయి. నేడవి న్యూయార్కు, బోస్టన్ వంటి నగరాల మ్యూజియాల్లో ఉన్నాయి. గోడకు వేలాడే ఆ బొమ్మ ముందు జనం నిలబడి రంగులు మెచ్చుకుంటారు. కాని అక్షరానికి అర్థం చెప్పే పేజీ దాని పక్కన లేదు. తోడు బొమ్మలు లేవు. చేసేవాడి కోసం గీసిన బొమ్మ చూసేవాడి బొమ్మగా మారిపోయింది. ఒక చూపును దాని తోటి చూపుల నుంచి, మాట నుంచి విడదీస్తే ఏమి మిగులుతుందో ఇది చక్కటి ఉదాహరణ.

మొత్తం గ్రంథం ఉన్నచోట మాత్రం ఫలితం వేరుగా ఉంది. 1974లో డోనాల్డ్ హిల్ అనే ఇంజనీరు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1976లో లండన్‌లో జరిగిన ఇస్లాం ప్రపంచ ఉత్సవాల సందర్భంగా అక్కడి సైన్స్ మ్యూజియంలో కోట గడియారాన్ని ఆ గ్రంథం ఆధారంగా మళ్ళీ నిర్మించారు. అది నడిచింది! ఉస్తాదు పోయిన 770 ఏళ్ళకు, ఆయన ఊరికి ఎంతో దూరంలో, ఆయన ముఖం ఎరుగని మనుషుల చేతుల్లో ఆయన విద్య తిరిగి ప్రాణం పోసుకుంది. ఏ రాతిసమాధి ఇంతకంటే పెద్ద జ్ఞాపకచిహ్నం కాగలదు?

మన పిల్లల చేతిలో

అల్ జజరీ తర్వాత సుమారు ఆరు శతాబ్దాలకు ఫ్రాన్సులో గాస్పార్ మోంజ్ అనే గణితవేత్త ఒకే వస్తువు ఎదుటి చూపు, పై చూపు ఒకదానికొకటి ఎలా సరిపోవాలో లెక్క ప్రకారం స్థిరపరిచారు. నేటి ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కు అది పునాది. ఎలివేషన్, ప్లాన్, సైడ్ వ్యూ అని మన ఐటిఐలలో ఫిట్టర్, టర్నర్ కోర్సుల పిల్లలు నేర్చుకొనేది ఆ పద్ధతే. అల్ జజరీకి ఆ నియమాలు తెలియవు. కాని ఆ నియమాలు ఎందుకోసమో ఆ ప్రయోజనం ఆయనకు బాగా తెలుసు.

నేడు కంప్యూటర్ తెరపై ఏ భాగాన్నైనా ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు, కోసి చూడవచ్చు. అల్ జజరీ మనసులో చేయమన్న పనిని యంత్రం కళ్ళ ముందు చేస్తోంది. అయినా బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ ముందు నిలబడిన కుర్రవాడి చేతికి వచ్చేది చాలాచోట్ల నేటికీ ఒక కాగితమే. దాని మీద మూడో నాలుగో బొమ్మలుంటాయి. వాటిని ఎంచింది ఎక్కడో కూర్చున్న మరో మనిషి. ఆకారాన్ని ఎక్కువగా చెప్పే వైపును ముందు పెట్టాడా, లోపలి రంధ్రాన్ని కోసి చూపాడా, చిన్న గాడిని పెద్దది చేసి విడిగా చూపాడా, అక్కరలేని బొమ్మలతో కాగితం నింపాడా అన్నదాని మీద ఆ కుర్రవాడి రోజంతా చేసిన కష్టం ఆధారపడి ఉంటుంది. బొమ్మ సరిగా లేకపోతే ఇనుము పాడవుతుంది, కూలి పోతుంది, మాట కూడా అతనే పడతాడు.

కాబట్టి ఇంట్లో డ్రాఫ్ట్స్‌మన్ పనో, ఇంజనీరింగో చదివే పిల్లలుంటే అల్ జజరీ కథ వారికి చెప్పమని మేము కోరుతున్నాం. బొమ్మ గీసే ముందు దాన్ని ఎవరి చేతిలో పెట్టబోతున్నామో ఆ మనిషిని తలచుకొమ్మని చెప్పండి. ఇక చేతిపని తెలిసిన పెద్దలకు మరో మాట. మీ తండ్రో, తాతో నేర్పిన విద్య మీ వేళ్ళలో మాత్రమే ఉంటే, దాన్ని ఒక నోటుపుస్తకంలోకి దించండి. ఎక్కడ ఎదుటి చూపు కావాలో, ఎక్కడ కోత కావాలో, ఏ కొలత మాటల్లో రాయాలో ఆ విద్య తెలిసిన మీకే తెలుస్తుంది. ఆర్తుఖీ రాజుల పేర్లు నేడు కొద్దిమందికే తెలుసు. వారి మేస్త్రీ పేరు మాత్రం తన విద్యను దాచుకోకుండా మరో పనివాడికి అందించినందువల్లే ఈనాటికీ నిలిచి ఉంది.